నడిచిన రేవు

మత్తయి చెవుల మీద పాతరేవుపాలెంలో రెండు అభిప్రాయాలు ఉండేవి. ఏటి మీద ఆ చెవులకి సాటి లేదన్నది ఊరి అభిప్రాయం. ఇంట్లో అవి పనిచెయ్యవన్నది ఆయన భార్య ఆనందమ్మ అభిప్రాయం. "ఏటి మధ్యలో ఉంటే ఒడ్డున కొట్టే రైలుపట్టా వినపడుద్ది గానీ, పక్కనే నిలబడి బియ్యం నిండుకున్నాయంటే వినపడదు" అనేది ఆవిడ. రెండూ నిజమే గనక ఎవరూ వాదనకి దిగలేదు.

మత్తయి పంటు నడిపే సరంగు. రెండు పడవల మీద బల్లలు పరిచి, ఇంజను తగిలించి, దాని మీద మోటారు సైకిళ్లనీ రొయ్యల ట్రేలనీ గేదెల్నీ పెళ్లివారినీ, తప్పనప్పుడు గేదెల్నీ పెళ్లివారినీ కలిపి ఎక్కిస్తే దాన్ని పంటు అంటారు. దివిసీమ కొసన, కృష్ణ సముద్రంలో కలవబోతూ ఒళ్లు విరుచుకునే చోట, ఉప్పులంకకీ పాతరేవుపాలేనికీ మధ్య అది తిరుగుతుంది. లంక వైపంతా ఇసుక. ఎక్కడ ఆగితే అదే రేవు. పాలెం వైపు ఆ స్వేచ్ఛ లేదు. రేవంటే ఒక్క సిమెంటు వాలు. దానికి ఎగువనా దిగువనా మనిషిని మోకాళ్ల దాకా మింగే బురదమేటలు.

మాఘమాసంలో మంచు దిగితే చుక్కాని దగ్గర నిలబడ్డ మత్తయికి తన పంటు ముందు కొస కూడా కనపడదు. అలాంటి పొద్దుల్లో, రేవులో గుంజకి వేలాడదీసిన రైలుపట్టా ముక్కని రేవు కాపలా ఉండే నూకరాజు సుత్తితో కొట్టేవాడు. ఆ ఠంగుమన్న చప్పుడు వినగానే మత్తయి గింజ వెతికే కోడిపుంజులా తల కాస్త ఎడమకీ కాస్త కుడికీ తిప్పేవాడు. చప్పుడు సరిగ్గా ముక్కు మీద పడ్డాక ఇక తల కదిలించేవాడు కాదు. ముక్కు ఎటుంటే పంటు అటు. కాసేపటికి పంటు సిమెంటు వాలుని ముద్దు పెట్టుకునేది. దిగేవాళ్లు "ఏం చెవులయ్యా బాబూ" అనేవారు. మత్తయి ఆ మాటని మొహమాటం లేకుండా ఒప్పుకునేవాడు.

"కళ్లదేముందండీ, దొంగసాక్షులు. చెవులు అలాక్కాదు, బైబిలు మీద చెయ్యేసి చెప్పినట్టే" అనేవాడు.

ఆ సాక్షులకి తగ్గ మర్యాద కూడా చేసేవాడు. వాటిలో పుల్ల పెట్టనిచ్చేవాడు కాదు. ఎంత చలిలోనైనా మఫ్లరు తలపాగాలా నెత్తికే చుట్టుకునేవాడు. క్రిస్మస్‌కి ఫొటో తీయించుకుంటే రెండు చెవులూ పడేలా ఎదర నుంచి తియ్యమనేవాడు.

ఇలాంటి నిండు సంసారంలోకి ప్రమాదం అభివృద్ధి రూపంలో వచ్చింది.

రొయ్యల చెరువుల ఆసామి, ఊరి గుడికి ధర్మకర్త గోవర్ధనరావు గారికి గుడివాడలో ఒక బావమరిది ఉన్నాడు. ఆయన ఒకసారి చుట్టపుచూపుగా వచ్చి, రేవులో నూకరాజుని చూసి, "ఇంకా ఇనప ముక్క వాయించుకుంటున్నారా బావా?" అని నవ్వాడు. బావమరిది నవ్వు శత్రువు తిట్టు కన్నా లోతుగా దిగుతుంది. వారం తిరక్కుండా ఊళ్లోకి ఒక ఆంప్లిఫయరు, కర్మాగారాల్లో మోగే సైరను కూత, గుమ్మడికాయంత నోరున్న ఒక హారను దిగాయి. దాత ధర్మకర్త గనక హారను గుడి గోపురం ఎక్కింది.

మర్నాడే చర్చి కమిటీ సమావేశమైంది. సెక్రటరీ శామ్యూల్ రాజ్ గారు బ్యాంకులో రిటైరయిన మనిషి, ఖాతా అన్నాక రెండు వైపులూ సమానంగా ఉండాలని నమ్మే మనిషి. "రేవు అందరిదీ. కూత ఒక్క గుడి మీంచే వస్తే రేపు రేవు కూడా గుడిదే అంటారు" అన్నారు. చర్చి శిఖరం మీదికి రెండో హారను ఎక్కింది. అంతే సైజు, అంతే నోరు. రేవుకి ఎగువన ఒక కరెంటు స్తంభం దూరంలో గుడి, దిగువన అంతే దూరంలో చర్చి. మధ్యలో ఉన్న రేవుకి మాత్రం హారను లేదు. పాపం, దానికి కమిటీ లేదు.

మత్తయి ఒక్కడికే చిన్న అనుమానం వచ్చింది. అటు గోవర్ధనరావు గారినీ ఇటు శామ్యూల్ రాజ్ గారినీ అడగలేక, బందరులో హోమ్ థియేటర్లు అమ్మే గిరిధర్‌ని అడిగాడు. గిరిధర్ గోవర్ధనరావు గారి అబ్బాయి. ఇంజనీరింగ్ చదివాడు. హారన్లకి తీగలు లాగించింది అతనే.

"కూత రెండు చోట్ల నుంచి వస్తే నేను ఎటు రావాలి బాబూ?"

"మీ ఇంట్లో టీవీకి స్పీకర్లు ఎక్కడుంటాయి బాబాయ్?"

"అటొకటి, ఇటొకటి."

"మరి హీరో డైలాగు ఎక్కణ్ణుంచి వినపడుద్ది?"

మత్తయి ఆలోచించాడు. "నోట్లోంచే."

"అంతే! మధ్యలోంచి. ఇక్కడా అంతే. అటు గుడి, ఇటు చర్చి, కూత సరిగ్గా రేవులోంచి పుట్టినట్టు వినపడుద్ది. మీ చెవులకి ఇదో లెక్కా?"

ఆ చివరి మాట లేకపోతే మత్తయి ఇంకో ప్రశ్న వేసి ఉండేవాడు. ఆ మాట విన్నాక వెయ్యబుద్ధి కాలేదు.

ప్రారంభోత్సవానికి ఒకవైపు కొబ్బరికాయ కొట్టారు, ఒకవైపు ప్రార్థన చేశారు. నూకరాజుకి సుత్తి పోయి స్విచ్చి వచ్చింది. రైలుపట్టా ముక్కని ఇంటికి పట్టుకెళ్లి గడ్డివాము మీద పరదా ఎగిరిపోకుండా బరువు పెట్టుకున్నాడు. ఆ తర్వాత రేవు కంటికి కనపడినన్నాళ్లూ హారన్లు అద్భుతంగా పనిచేశాయి.

*

మాఘంలో ఒక పొద్దున మంచు దిగింది. మామూలుగా కాదు, తవుడు పోసినట్టు దిగింది.

ఆ పొద్దునే ఉప్పులంక నుంచి ఇంద్రజ చంటివాణ్ణి ఎత్తుకుని పంటెక్కింది. ఇంద్రజ గోవర్ధనరావు గారి కూతురు, లంకలో కాపురం. పిల్లవాడికి ఆ రోజు మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి గుళ్లో చెవులు కుట్టించాలి. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి కుట్టించడం ఆనవాయితీ గనక గిరిధర్ పట్టుపంచె కట్టుకుని పాలెం రేవులో కారుతో సహా సిద్ధంగా ఉన్నాడు. ముహూర్తం దగ్గరలోనే ఉంది. పంటు మీద ఇంద్రజ భర్త తరఫువాళ్లు, రెండు పళ్లబుట్టలు, చేపలమ్మే పున్నమ్మ, ఆమె తట్టలు.

"మంచు ఎక్కువగా ఉంది కదా బాబాయ్, పర్లేదా?" అంది ఇంద్రజ.

"నేనున్నానమ్మా" అన్నాడు మత్తయి, చెవుల మీంచి మఫ్లరు ఇంకాస్త పైకి జరుపుకుంటూ.

సగం ఏరు దాటాక కూత మొదలైంది. మత్తయి తల తిప్పాడు. కూత ఎడమవైపు. చుక్కాని తిప్పి కూతని ముక్కు మీదికి తెచ్చుకున్నాడు. ఆటు మొదలై నీరు సముద్రం వైపు లాగుతోంది, పంటు మెల్లగా కుడికి జరుగుతోంది. అది ఆయనకి కొత్తేం కాదు. ఇంకాస్త ఎడమకి తిప్పాడు.

అప్పుడు రేవు నడిచింది.

మరో మాట లేదు దానికి. ఎడమన మోగుతున్న కూత ఒక్క క్షణం ఆయన నుదుటి మధ్యలో నిలబడి, మరుక్షణం కుడివైపుకి వెళ్లిపోయింది. తాటిచెట్టు లేచి గట్టు దాటినట్టు వెళ్లిపోయింది. ఈ ఏటి మీద ఆయన తుఫానులు చూశాడు, తిరగబడ్డ పడవలు చూశాడు. చోటు మారే రేవుని మాత్రం చూడలేదు. నమ్మక, పంటుని మళ్లీ ఎడమకే కొట్టాడు. కాసేపటికి కూత కుడి నుంచి ఎడమకి దూకింది. కుడికి తిప్పాడు. అది మళ్లీ కుడికి దూకింది.

"ఏంటి సరంగు గారూ, తల అట్టా ఆడిస్తున్నావు, బూరా ఊదితే పామాడించినట్టు?" అంది పున్నమ్మ.

"నువ్వుండు పున్నమ్మా."

"నేనుంటాను. నా చేపలుండవు."

ఇంద్రజ ఫోను తీసి చూసింది. వాళ్లంతా ప్రస్తుతం గోవర్ధనరావు గారి రొయ్యల చెరువు నడిమధ్యలో ఉన్నారని ఫోను ధీమాగా చెప్పింది. దాన్ని సంచిలో పడేసి, పిల్లవాణ్ణి గుండెకి హత్తుకుని, "బాబాయ్, అసలు ఎటెళ్తున్నాం?" అంది. ఈసారి ఆ గొంతులో మర్యాద తక్కువగానూ భయం ఎక్కువగానూ ఉంది.

ఏటి మధ్యలో ఆ ప్రశ్న మత్తయిని ఎవరూ అడగలేదు ఇంతవరకూ. కూత ఇప్పుడు కుడిన స్థిరంగా మోగుతోంది. ఇక అదే దిక్కనుకుని, ముక్కు దానికి ఆనించి, కళ్లు మూసుకుని పోనిచ్చాడు. పంటు ఎవరో ఒళ్లోకి తీసుకున్నట్టు మెత్తగా ఆగింది. అంత మెత్తగా సిమెంటు ఆపదు.

మంచు పలచబడ్డాక నెత్తి మీద చర్చి, దాని శిఖరం మీంచి నోరంతా తెరిచి అరుస్తున్న హారను, చుట్టూ బురదమేట కనిపించాయి. రేవు ఎడమవైపు, తన పాతచోటే, ఏమీ ఎరగనట్టు ఉంది. అందులో పట్టుపంచెతో గిరిధర్ గడియారం చూసుకుంటూ నిలబడి ఉన్నాడు. నీరు తీస్తోంది. మళ్లీ పోటు వచ్చేదాకా పంటు కదలదు. బల్లలేసి, తాళ్లేసి, ఆడవాళ్లని ఒక్కొక్కరినీ గట్టుకి చేర్చేసరికి ముహూర్తం వెళ్లిపోయింది. ఈ మొత్తం వ్యవహారంలో నిద్రపోయినవాడు చంటివాడొక్కడే.

గోవర్ధనరావు గారు గట్టు మీద నిలబడి మత్తయిని పైనుంచి కిందికి చూశారు. "చెవులు కుట్టించాల్సింది మా మనవడికి కాదయ్యా, నీకు. అవెలాగూ అలంకారానికేగా."

మత్తయి ఒక్క మాటే అన్నాడు. "రేవు నడిచిందండీ."

అనకుండా ఉండాల్సింది. గట్టు మీద పది నోళ్లు ఒక్కసారే "తాగాడా?" అన్నాయి. పరిగెత్తుకొచ్చిన ఆనందమ్మ ఆ మాట పట్టుకుంది. "ఎవర్రా అంది? చర్చిలో బల్లారాధనకి ఇచ్చే చుక్క ద్రాక్షరసానికే తల తిరుగుద్ది మా ఆయనకి. ఆయన తాగాడంటే ఏరు ఎండిందన్నట్టే!"

శామ్యూల్ రాజ్ గారు మధ్యేమార్గం చెప్పారు. బందరు వెళ్లి చెవుల పరీక్ష చేయించుకోవాలి. చెవులు బాగున్నాయని డాక్టరు రాసిస్తే చుక్కాని మళ్లీ మత్తయిదే. లేకపోతే ట్రాక్టరు తోలే చిన్నబాబుది. అప్పటిదాకా కూడా చిన్నబాబుదే. మత్తయికి చుక్కాని పోతుందన్న దిగులు కన్నా పెద్ద దిగులు వేరే ఉంది. సాక్షులు అబద్ధం చెప్పారు.

ఇంటికొచ్చి పెరట్లో నులకమంచం మీద కూర్చుని కళ్లు మూసుకున్నాడు. "గరిటె పుచ్చుకుని అటూ ఇటూ తిరుగుతూ గిన్నె మీద కొట్టు" అన్నాడు. ఆనందమ్మ మూలమూలకీ వెళ్లి కొట్టింది. కొట్టిన ప్రతిసారీ మత్తయి వేలు సరిగ్గా ఆవిడ వైపే లేచింది. దడి పక్క నుంచి కొట్టినా, నుయ్యి పక్క నుంచి కొట్టినా. చివరికి ఆవిడ కొట్టడం మానేసి, గుమ్మంలో నిలబడి, "బియ్యం నిండుకున్నాయి" అని గొణిగింది.

"ఇప్పుడే తెస్తాను" అన్నాడు మత్తయి.

ఆనందమ్మ చేతిలో గరిటె జారిపోయింది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఇలా జరగలేదు. "ప్రభువా, ఈయనకి నిజంగానే ఏదో అయింది" అని కూలబడింది.

*

బందరులో చెవుల పరీక్ష చేసే అమ్మాయి పేరు వర్షిణి. మత్తయిని గాలి కూడా చొరబడని చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, కీచుమన్నప్పుడల్లా బటను నొక్కమంది. గోడలన్నీ దూదితో కుట్టినట్టున్న ఆ గదిలో తన గుండె చప్పుడే పెద్ద ఇంజనులా వినపడి మత్తయికి చెమట్లు పట్టాయి. బయటికొచ్చాక ఆ అమ్మాయి కాయితం చూసి నవ్వింది.

"మీ వయసుకి ఇంత మంచి చెవులు నేను చూళ్లేదు మత్తయి గారూ. రెండూ రెండే."

ఆనందమ్మ "స్తోత్రం" అంది. మత్తయి మొహం మాత్రం పాలిపోయింది. చెవులు చెడిపోయి ఉంటే బాగుండును. చెడిపోని చెవులు అబద్ధం చెప్పాయంటే ఇక చెడిపోవడానికి మిగిలింది ఒక్కటే. అది తలలోపల ఉంటుంది.

"అమ్మా, చప్పుడు నడుస్తుందా?" అన్నాడు.

"నడవడమేంటండీ?"

మంచు, కూత, అటు దూకిన రేవు, ఇటు దూకిన రేవు, అన్నీ చెప్పాడు. వర్షిణి నవ్వలేదు. మళ్లీ హెడ్‌ఫోన్లు పెట్టి, "కళ్లు మూసుకుని, చప్పుడు ఎక్కడుందో వేలితో చూపించండి" అంది.

టిక్కుమంది. మత్తయి నుదుటి మధ్య వేలు పెట్టాడు. ఇంకోసారి టిక్కుమంది. వేలు ఎడమ కనుబొమ మీదికి జరిగింది. ఇంకోసారి టిక్కుమనేసరికి ఎడమ చెవి దగ్గరికి పోయింది. తర్వాత ఆ టిక్కు మెల్లగా తల లోపలినుంచే, చీమ పాకినట్టు, ఎడమ నుంచి కుడికి నడిచి వెళ్లింది. మత్తయి హెడ్‌ఫోన్లు పీకేసి లేచి నిలబడ్డాడు.

"ఇదే! ఇట్టాగే నడిచింది! ఏం చేశావమ్మా? చప్పుడు ఎటు పెంచావు?"

"ఎటూ పెంచలేదండీ. రెండు చెవులకీ ఒకటే చప్పుడు, అంతే గట్టిగా. ఒక చెవికి రవ్వంత ముందు పంపించాను, రెండోదానికి రవ్వంత వెనక. అంతే."

"రవ్వంత అంటే?"

వర్షిణి చెప్పింది. చప్పుడు పక్కనుంచి వస్తే ఆ పక్క చెవిని ముందు చేరుతుంది, తల చుట్టి రెండో చెవిని చేరడానికి ఇంకాస్త పడుతుంది. ఆ కాస్త ఎంతంటే, సెకనుని పదివేల ముక్కలు చేస్తే అందులో ఆరో ఏడో ముక్కలు. మెదడు ఆ తేడా చూసే చప్పుడు ఎటుందో చెబుతుంది. ముక్కుకి ఎదురుగా ఉంటే తేడా సున్నా. మత్తయి తల తిప్పి చేసేది ఆ తేడాని సున్నా చెయ్యడమే. మంచి చెవులైతే సెకనులో లక్షో వంతు తేడాని కూడా పట్టేస్తాయి.

మత్తయి కుర్చీలో కూలబడ్డాడు. సెకనులో లక్షో వంతు! దాని పక్కన పెడితే రెప్పపాటు కాలం ఆదివారం ఆరాధనంత పొడుగు. ఇంతకాలం తను నడిపిన గేదెలూ పెళ్లివారూ పసిపిల్లలూ అంత సన్నటి దారం మీద ఏరు దాటారన్నమాట. ఆయనకి గర్వం కలగలేదు.

"మరి ఒకే కూత రెండు చోట్ల నుంచి వస్తే?" అన్నాడు, సగం జవాబు అప్పుడే తెలిసిపోయిన గొంతుతో.

"రెండు హారన్లా?" వర్షిణి కళ్లు పెద్దవయ్యాయి. "ఎవరు పెట్టారండీ? ఏది దగ్గరగా ఉంటే దాని కూత ముందొస్తుంది. మెదడు ముందొచ్చినదాన్నే నమ్ముతుంది, వెనక వచ్చింది దాని నీడనుకుని పక్కన పెట్టేస్తుంది. అలా చెయ్యకపోతే ఇంట్లో అమ్మ పిలిస్తే ఆ మాట గోడలకి కొట్టుకుని వస్తుంది కదా, పిల్లలు గోడలోకి వెళ్లి అమ్మని వెతుక్కుంటారు. మీ పంటు గుడికి దగ్గరైతే గుడి హారనే వినపడుతుంది. పదడుగులు జరిగితే చర్చిదే. రెండూ మోగుతున్నట్టు కూడా తెలియదు."

"టీవీలో హీరో మధ్యలోంచి మాట్లాడతాడని…"

"సోఫా మధ్యలో కూర్చున్నవాడికి. ఏట్లో సోఫా ఎక్కడుందండీ?"

ఆనందమ్మ ఇంతసేపూ నోరు తెరుచుకుని వింది. ఇప్పుడు మూసి, మళ్లీ తెరిచింది. "అంటే ముందొచ్చినోళ్ల మాటే వింటుందా బుర్ర? రెండోవాళ్లు ఎంత అరిచినా?"

"అంతేనండీ."

"అయితే ఈయన ఇంట్లో నా మాట వినకపోవడానికి అదా కారణం? ఈయనకి వాళ్లమ్మ మాట ముందొచ్చింది!"

*

కాయితం చూసి కూడా గోవర్ధనరావు గారు తగ్గలేదు. "చెవులు బాగుంటే మరీ ఘోరం. బాగున్న చెవులతో బురదలో ఎక్కించాడు" అన్నారు. హారన్ల వల్లే అనగానే శామ్యూల్ రాజ్ గారు ఆయన పక్కన చేరారు. హారన్లు వచ్చాక ఆ ఇద్దరూ ఒక్క మాట మీద నిలబడటం అదే మొదటిసారి.

అప్పుడు మత్తయి, జీవితంలో మొదటిసారి తన చెవుల్ని పొగుడుకోకుండా మాట్లాడాడు. "నా చెవులొద్దండీ. మీ చెవులతోనే చూద్దాం."

ఎండ కాసే సాయంత్రం పంటు ఏట్లోకి వెళ్లింది. చుక్కాని చిన్నబాబు పట్టాడు. మధ్యలో రెండు కుర్చీలు, వాటిలో ఇద్దరు పెద్దలు, ఇద్దరి కళ్లకీ తువ్వాళ్లు. గట్టు నిండా జనం. నూకరాజు స్విచ్చి వేశాడు.

"మోగే హారను ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి" అన్నాడు మత్తయి.

రెండు వేళ్లు ఒక్కసారే, ఒక్క వైపే లేచాయి.

"ఇదిగో, ఇటే. ఒక్కటే మోగుతోంది. మా గుడిదే, సందేహం లేదు" అన్నారు గోవర్ధనరావు గారు.

"ఏమండోయ్, మా చర్చి హారను గొంతు నాకు తెలీదా? రెండోది చెడిపోయినట్టుంది, మీదే" అన్నారు శామ్యూల్ రాజ్ గారు.

తువ్వాళ్లు విప్పారు. ధర్మకర్త గారి వేలు నిటారుగా చర్చి శిలువని చూపిస్తోంది. ఆయన ఆ వేలిని ఎవరిదో అన్నట్టు చూసుకుని, మెల్లగా మడుచుకున్నారు. శామ్యూల్ రాజ్ గారి మొహంలో వెలుగు రావడానికీ, మత్తయి మళ్లీ తువ్వాలు కట్టడానికీ మధ్య ఎక్కువ సమయం పట్టలేదు. చిన్నబాబు పంటుని కాస్త ఎగువకి జరిపాడు. స్విచ్చి పడింది.

"అక్కడే. మా హారనే. చెప్పానుగా" అన్నారు శామ్యూల్ రాజ్ గారు, వేలు చాపి. తువ్వాలు తీస్తే ఎదురుగా గోపురం మీద నంది ఆయన వంకే చూస్తోంది. సెక్రటరీ గారు "అయ్యో" అన్నారు. పక్కన ధర్మకర్త గారు అనలేదు గానీ ఆయన నోరు కూడా అదే ఆకారంలో ఉంది.

చివరగా, కళ్లు కట్టి ఉండగానే, కూత ఆపకుండా చిన్నబాబుని గట్టు వెంబడే నిదానంగా అటూ ఇటూ పోనిమ్మన్నాడు మత్తయి. రెండు వేళ్లూ గాలిలో ఎడమ నుంచి కుడికి దూకాయి. ఆగాయి. మళ్లీ దూకాయి. గోవర్ధనరావు గారు కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"మత్తయీ… ఇది నడుస్తోందయ్యా!"

"ఆ మాటే నేనంటే తాగానన్నారండీ."

గట్టు మీద గిరిధర్ తల పట్టుకున్నాడు. ఆ మంచు పొద్దున తన చెల్లెలు పసివాడితో ఆ పంటు మీదే ఉంది. పంటు ఇంకాస్త కుడికి కొట్టుకుపోయి ఉంటే అక్కడ బురద కూడా లేదు. ఆటు నీరు తిన్నగా సముద్రంలోకే తీసుకుపోతుంది. ఆ మాట ఆ సాయంత్రం ఎవరూ పైకి అనలేదు. అందరికీ ఒక్కసారే తట్టింది.

అయినా హారన్లు దిగలేదు. ఒకరిది దిగాలంటే ముందు రెండోవాళ్లది దిగాలి. రెండూ గౌరవంగా తమతమ చోట్లే ఉండాలనీ, రేవు కోసం మాత్రం మోగకూడదనీ తీర్మానమైంది. నూకరాజు గడ్డివాము మీంచి రైలుపట్టా ముక్కని దించి, తుప్పు గీకి, మళ్లీ గుంజకి కట్టాడు. చిన్నబాబు చుక్కాని వదిలి, "ట్రాక్టరుకి ముందుంటే ముందే, పక్కనుంటే పక్కే. మీ ఏటికో దండం మావయ్యా" అని వెళ్లిపోయాడు.

*

మోపిదేవికి రెండో ముహూర్తం పెట్టించిన రోజున కూడా మంచు దిగింది. ఇంద్రజ పిల్లవాడితో వచ్చి, లంక ఒడ్డున ఇసుకలో నిలబడిపోయింది. మత్తయి పిలవలేదు. పిలిచే హక్కు తనకి ఉందో లేదో ఆయనకింకా తేలలేదు. ఎప్పుడూ చెవులు బయటికుండేలా చుట్టే మఫ్లరు ఆ రోజు మెడలో వేలాడుతోంది.

"పట్టా కొడతాడా బాబాయ్?" అంది ఇంద్రజ.

"కొడతాడమ్మా."

"ఒక్క చోటేగా?"

"ఒక్క చోటే. నిన్న సాయంత్రం కూడా వెళ్లి చూసొచ్చాను, గుంజ అక్కడే ఉందో లేదో."

ఆమె ఎక్కింది. పున్నమ్మ కూడా తట్టతో ఎక్కి, "ఇవాళ కూడా చర్చికైతే చెప్పు సరంగు గారూ, కానుక తెచ్చుకుంటాను" అంది.

సగం ఏరు దాటాక మంచులోంచి ఠంగుమంది. మత్తయి తల ఎడమకి తిప్పి, కుడికి తిప్పి, మధ్యలో ఆపాడు. చప్పుడు ముక్కు మీద పడింది. పడినా చెయ్యి కదల్లేదు. చుక్కాని పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మళ్లీ ఠంగుమంది. అక్కడే.

"ఏమ్మా, మీకెటు వినపడుతోంది?" అన్నాడు.

సరంగు ఆ మాట అడగడం పంటెక్కిన వాళ్లలో ఎవరూ ఎరగరు. ముందు ఇంద్రజ చెయ్యెత్తి చూపించింది. ఆమె అత్తగారు చూపించింది. పళ్లబుట్ట మోసే మనిషి గెడ్డంతో చూపించాడు. పున్నమ్మ తట్ట దించి మరీ చూపించింది. తెల్లటి మంచులో అన్ని చేతులూ ఒక్క వైపే చాచి ఉన్నాయి.

నూకరాజు మళ్లీ కొట్టాడు. తల్లి భుజం మీద వెనక్కి తిరిగి పడుకున్న చంటివాడు తల ఎత్తాడు. బుగ్గ మీద నిద్ర చారలతో, ఇంకా కుట్టని చెవులతో, మెల్లగా మెడ తిప్పి, ఆ చప్పుడు వచ్చిన చోటుకేసి కళ్లు విప్పార్చుకుని చూశాడు. వాడికి పదివేల ముక్కల సంగతి ఎవరూ చెప్పలేదు.

మత్తయి వాడి ముక్కు ఎటుందో చూశాడు. తన ముక్కుతో సరిచూసుకున్నాడు. అప్పుడు చుక్కాని తిప్పాడు.

పంటు అడుగున గరగరమని సిమెంటు తగిలింది. గట్టు మీద పట్టుపంచెలో గిరిధర్, అతని పక్కన గోవర్ధనరావు గారు నిలబడి ఉన్నారు. ధర్మకర్త గారు మనవణ్ణి అందుకుంటూ, మత్తయి చెవుల వంక చూసి ఏదో అనబోయి, మానుకున్నారు.

"రేపు పొద్దున చెరువుకి మేత అవతలికి చేర్చాలి. పంటు ఎవరు నడుపుతారో?" అన్నారు చివరికి, ఎటో చూస్తూ.

"నేనేనండీ" అన్నాడు మత్తయి. "మంచుంటే మాత్రం మీరూ ఎక్కండి. ఇంకో రెండు చెవులుంటే మంచిది."